కరెంటు పోయిన పీరియడు

మా ఇంట్లో కరెంటు పోతే ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. మావారు ముందు ఫ్యాను వంకా, తరవాత నా వంకా కోపంగా చూస్తారు, అదేదో నేనే ఆపేసినట్టు. కోడలు ఫోనులో చార్జింగు ఎంత మిగిలిందో చూసుకుంటుంది. మనవడు చీకట్లో దయ్యం ఆట మొదలుపెడతాడు. నేను మాత్రం నాకు తెలియకుండానే గొంతు సవరించుకుంటాను. మరుక్షణం పద్యం ఎత్తుకోబోతున్నానని గుర్తొచ్చి, సిగ్గుపడి ఊరుకుంటాను.

ఇది జబ్బేం కాదు లెండి. ఉద్యోగం అంటగట్టిన అలవాటు. బేతంచెర్లలో తెలుగు టీచరుగా పాతికేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని. ఆ పాతికేళ్ళలో నా పాఠాన్ని నేను ఎన్నిసార్లు విప్పి మళ్ళీ కుట్టుకున్నానో చెబుతాను. పాత చీరను లంగాకీ, లంగాను దిండుగలీబుకీ మార్చే విద్య మన ఆడవాళ్ళకు కొత్త కాదుగా!

బేతంచెర్ల ఊరు మీలో చాలామంది చూసి వుండరు. కాని దాని రాయి తెలిసే వుంటుంది. మీరు ఇప్పుడు కాళ్ళు చాపుకుని కూర్చున్న గచ్చు మా ఊరి బండే అయినా ఆశ్చర్యం లేదు. గుంతకల్లు నుంచి నంద్యాలకు పోయే రైలుదారిలో వుంటుంది మా ఊరు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో వుండేది. చుట్టుపక్కల గనుల్లో నాపరాయి పొరలు పొరలుగా వస్తుంది. దాన్ని ఊళ్ళోకి తెచ్చి, నీళ్ళు పోస్తూ రంపపు మిషను మీద నలుచదరంగా కోసి, నున్నగా పాలిషు పెట్టి లారీలకెత్తుతారు. మగవాళ్ళు మిషన్ల దగ్గరుంటే, ఆడవాళ్ళు తడి బండలు మోసి, తుడిచి, గోడకు ఆనించి వరసగా పేరుస్తారు. రాతిపొడి నీళ్ళలో కలిసి పాలలాంటి బురదై కాలవల్లో పారుతుంది. ఎండితే ఆ బురదే దుమ్మై ఇంట్లో పప్పుడబ్బా మూత మీద కూడా వాలుతుంది.

మేము పనిచేసిన బడి గోడకు అవతల అలాంటి ఫ్యాక్టరీ ఒకటి వుండేది.

చేరిన కొత్తలో ఒకరోజు గజేంద్రమోక్షం పాఠం. పోతనగారి పద్యాలంటే నాకు చిన్నప్పటినుంచీ ప్రాణం. మా నాన్నగారు రాగం తీసి చదివితే వీధిలో పోయేవాళ్ళు ఆగేవారు. నేనూ అలాగే చదవాలని ఇంట్లో రెండుసార్లు సాధన చేసుకుని, ఇస్త్రీచీర కట్టుకుని వెళ్ళాను. ఏనుగు సరస్సులోకి దిగింది. మొసలి కాలు పట్టుకుంది. ఇక ఆ ఏనుగు దేవుణ్ణి పిలవాలి. సరిగ్గా అప్పుడే గోడవతల రంపం రాతిమీద పడింది! ఆ చప్పుడు విన్నవాళ్ళకే తెలుస్తుంది, పళ్ళ చిగుళ్ళలోంచి మెదడులోకి పోతుంది. నేను గొంతు పెంచాను. మిషనూ పెంచింది. ఇంకా పెంచాను. పిల్లలు నోరు తెరుచుకుని నావంక చూస్తున్నారు. భక్తితో కాదు, మేడంకి ఏమైందోనన్న భయంతో. ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాకు మాట లేదు. మావారికి ఆ రెండు రోజులూ ఎంత హాయిగా గడిచాయో ఇప్పటికీ చెప్పుకుంటారు.

గొంతుతో మిషను మీద గెలవలేమని తేలిపోయాక ఉపాయం వెతుక్కున్నాను. అది కరెంటు కోత. కోత పడితే రంపం ఆగుతుంది. రంపం ఆగితే, అబ్బ, ఆ నిశ్శబ్దం ఎంత బాగుండేదో! వేపచెట్టు మీద ఉడత అరుపు కూడా వినిపించేది. అందుకని కోత వేళలు కనుక్కుని, లెక్కల సారును బతిమాలి పీరియడ్లు మార్పించుకునేదాన్ని. నిశ్శబ్దం నాకు, చప్పుడు ఆయనకు. కొన్నాళ్ళు ఓర్చుకుని ఒకరోజు ఆయన, "మీ గజేంద్రుణ్ణి విడిపించారు సరే, నా త్రికోణమితిని మొసలి పట్టుకుందమ్మా" అన్నారు. నవ్వేసి ఊరుకున్నాను గాని, మారిన పీరియడు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఇలా ఏళ్ళు గడిచాయి. 2012 వచ్చింది. ఆ ఏడు రాష్ట్రమంతా కరెంటుకు కటకట. పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు పవర్ హాలిడే అన్నారు. ఊరు ఊరంతా తల పట్టుకుని కూర్చుంటే నేను మాత్రం పద్యాలన్నీ గబగబా ముగించుకుంటూ వచ్చాను. ఒకరోజు ఉదయం బడికి వెళ్ళేసరికి గోడవతల చడీచప్పుడూ లేదు. తొమ్మిదో తరగతిలో అడుగుపెడుతూనే, "ఇవాళ మన అదృష్టం బాగుందర్రా, కరెంటు లేదు" అన్నాను.

రెండో బెంచీలో ఒక అమ్మాయి వుండేది. పద్యం ఒకసారి వింటే చాలు, మళ్ళీ అప్పజెప్పేది. నా ముద్దుల శిష్యురాలనుకోండి. ఆ పిల్ల లేచి నిలబడి మెల్లగా అంది:

"కరెంటు పోతే మా అమ్మకు కూలి రాదు మేడం. ఈ వారంలో మూడు దినాలు ఉత్తచేతులతోనే వచ్చింది."

అందులో ఎత్తిపొడుపు లేదు. నాకు తెలియదేమోనని చెప్పింది, అంతే. కాని ఆ మాటతో నా చేతిలో పుస్తకం బరువెక్కింది. ఇన్నేళ్ళూ నేను సంతోషంగా పాడుకున్న ప్రతి పద్యానికీ గోడవతల ఎవరిదో కూలి తెగుతోందన్నమాట! చెవులు మూసుకునే చప్పుడుగా నేను అనుకున్నది ఆ పిల్లల ఇళ్ళలో అన్నం వుడికే చప్పుడు. బడికి పక్కన ఫ్యాక్టరీ వుండడం మంచిదని నేననడం లేదు. బడి బడిగా, పని పనిగా వుండాల్సిందే. కాని అది నేను కోరుకోవలసిన తీరు ఇది కాదు.

ఆ రోజు పద్యం చదవలేదు. మర్నాడు వెళ్ళి లెక్కల సారుకు ఆయన పీరియడు ఆయనకు ఇచ్చేశాను. "మొసలి వదిలిందా అమ్మా?" అన్నారు. "పట్టుకున్నదే నేను కదా సార్" అన్నాను.

మరి చప్పుడులో పద్యం ఎలా చెప్పాలి? ఆ ఆలోచనతో ఒక మధ్యాహ్నం వరండాలో నిలబడి వుంటే, ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. మా బడి గచ్చు కూడా ఆ బండలే కదా, సుద్దతో గళ్ళు గీసుకునే పని కూడా లేదు. ఒంటికాలితో ఒక బండ, రెండుకాళ్ళతో ఒక బండ. ఒంటికాలు, రెండుకాళ్ళు... లఘువు, గురువు! నాకు ఒళ్ళు ఝల్లుమంది.

మీకూ చిన్నప్పుడు ఛందస్సు చెప్పే వుంటారు. గురులఘువులు గుర్తించడం, గణాలు విడగొట్టడం. చాలామందికి అది నోట్లో రాయి పడ్డట్టే వుంటుంది. వేమన పద్యాలు ఎక్కువగా ఆటవెలదులు. ఆటవెలదికి నాలుగు పాదాలు, పాదానికి అయిదు గణాలు. ఒకటీ మూడూ పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండూ నాలుగూ పాదాల్లో అయిదూ సూర్యగణాలే. అంటే వరసకు అయిదు బండలు చొప్పున నాలుగు వరసలు, మొత్తం ఇరవై బండలైతే ఒక పద్యం! సూర్యగణాలు రెండే: న గణం, హ గణం. మూడు లఘువులైతే న గణం, ఒంటికాలితో మూడు గెంతులు. గురువు, లఘువు వస్తే హ గణం, రెండుకాళ్ళతో ఒకటి, ఒంటికాలితో ఒకటి. ఇంద్రగణాలు ఆరు, కాస్త కష్టం. అందుకని ముందు రెండో పాదం నేర్పించి, తరవాత మొదటి పాదానికి వచ్చేదాన్ని. నాలుగో గణం మొదట యతి పడుతుంది కాబట్టి ప్రతి వరసలో నాలుగో బండ మీద ఎర్రసుద్దతో చుక్క పెట్టాను. ఆ చుక్క దగ్గర ఆగి, మొదటి బండ వైపు వేలు చూపించి చప్పట్లు కొట్టాలి.

రంపం మోగితే మోగనీ! కాలికి చెవితో పనేముంది? పిల్లలంతా చుట్టూ నిలబడి, గెంతేవాడి కాలు వంకే చూసేవారు. తప్పుగెంతు వేస్తే నేను చెప్పనక్కరలేదు, నలభైమంది ఒక్కసారి చేతులూపేవారు. అన్నాళ్ళూ బల్లకింద తల దాచుకున్న మగపిల్లలు నేనంటే నేనని వచ్చారు. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ఒక అధికారి మాత్రం వరండాలో పిల్లలు గెంతడం చూసి, "ఇది డ్రిల్లు పీరియడా?" అన్నారు. "కాదండీ, వేమన" అన్నాను. ఆయన ఏమనుకున్నారో ఏమో, మరి అడగలేదు.

అంత హుషారులో వుండి నేను ఒకటి మరిచిపోయాను. ఆ మాట చెప్పిన అమ్మాయి పదో తరగతి ప్యాసై, ఆ పైన చదవలేదు. ఎవరో చెబితే అయ్యో అనుకున్నాను. ఇల్లు తెలుసు, బడికి పదినిమిషాల దూరం. వెళ్ళి ఆ తల్లితో ఒక్కమాట మాట్లాడి వుండవచ్చు. రేపు వెళదాం, ఆదివారం వెళదాం అనుకుంటూనే కొత్త తరగతి వచ్చింది, కొత్త పిల్లలు వచ్చారు. వెళ్ళలేదు. ఆ పిల్ల పుణ్యమా అని నా పాఠం బాగుపడింది. ఆ పిల్లకు నేను చేసిందేమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు.

తరవాత 2020 వచ్చింది. మార్చిలో బడులు మూసేశారు. ఆ ఏడూ పై ఏడూ పదో తరగతి పరీక్షలే రద్దయ్యాయి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి, టీచర్లం వాట్సాప్ గ్రూపులు పెట్టాం. నేనూ ఫోను గోడకు ఆనించి, జుట్టు దువ్వుకుని, వీడియోలో పద్యం చదివాను. మావారు వెనకనుంచి కాఫీగ్లాసుతో వచ్చి ఆ వీడియోలో శాశ్వతంగా వుండిపోయారు. నలభై ముగ్గురు పిల్లల్లో ఆ పాఠం చూసినవాళ్ళు తొమ్మిదిమంది.

పాతకాలమైతే పిల్లలకు శ్రద్ధ లేదనేదాన్ని. 2012లో తిన్న దెబ్బ గుర్తుంది కాబట్టి ఈసారి ఒక్కొక్క ఇంటికీ ఫోను చేసి అడిగాను. తెలిసిందేమిటంటే, ఇంటికి ఒకటే ఫోను. అది పగలు నాయనతో పాటు పనికి పోతుంది, రాత్రికి వస్తుంది. పైగా వీడియో చూస్తే డబ్బు పెట్టి వేయించుకున్న డేటా అయిపోతుంది. మళ్ళీ అదే కథ! నా పాఠం ఖర్చు వాళ్ళింటి మీద పడుతోంది.

వీడియోలు మానేశాను. రాత్రి ఎనిమిదింటికి, మూడు నిమిషాలకు మించకుండా గొంతు మాత్రం రికార్డు చేసి పంపడం మొదలుపెట్టాను. ఒక పద్యం, దాని భావం మామూలు మాటల్లో, ఒక చిన్న ప్రశ్న. చిత్రమేమిటంటే, ఇరవై అయిదేళ్ళలో మొదటిసారి నా వెనక రంపపు మోత లేదు, నేను పద్యం నెమ్మదిగా చదివాను. అసలు ఫోనే లేని ఇళ్ళకు ఏం చేయాలి? మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, కోడిగుడ్లు, వేరుశెనగ చిక్కీలు ఇంటికి ఇచ్చేవారు కదా. వాటి కోసం తల్లులు బడికి వచ్చే రోజున నేనూ వెళ్ళి, పద్యం రాసిన కాగితం గుడ్ల సంచిలో పెట్టేదాన్ని. "గుడ్డు పగిలినా పరవాలేదు, కాగితం తడవకూడదమ్మా" అంటే నవ్వేవారు.

ఇంటిపని కూడా మార్చాను. ప్రశ్నలకు జవాబులు రాయమనలేదు. "మీ పుస్తకంలో లేని వేమన పద్యం ఒకటి మీ అవ్వనో తాతనో అడిగి చెప్పించుకుని రాసి తెండి" అన్నాను. అక్షరం రాని అవ్వలు పద్యాలు చెప్పారు! కొన్నిటిలో పాదం తక్కువ, కొన్నిటిలో గణం ఎక్కువ. ఒకావిడ చెప్పింది వేమనది కానేకాదు, ఆవిడే కట్టుకున్నట్టుంది. మా పొరుగున వున్న కడపలో సి.పి. బ్రౌన్ దొర ఊరూరి నుంచి తాటాకులూ కాగితాలూ తెప్పించుకుని, వేమన పద్యాలు ఏరి 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించాడు. నా దగ్గర తాటాకులు లేవు, వత్తులు తప్పుపోయిన చీటీలు వున్నాయి. నాకు అవే గొప్ప.

అదే ఏడు ఆగస్టు 29న, గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజున, ఆయన గురించి మూడు నిమిషాలు మాట్లాడాను. వాడుకభాష కోసం పోరాడారని ఏటా చెప్పేదే. ఆ ఏడు ఇంకో సంగతి చెప్పాను. పర్లాకిమిడిలో ఆయన చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడు. చుట్టుపక్కల కొండల్లోని సవరలు చదువుకు దూరంగా వున్నారని గమనించి, వాళ్ళకు తన భాష నేర్పించడానికి ముందు తాను వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడి నడిపారు. ఏటా దండ వేసి దణ్ణం పెట్టిన మనిషే, ఆయన చేసిన పని కష్టమెంతో నాకు ఆ ఏడే బోధపడింది.

2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. మూతికి మాస్కులు, మనిషికీ మనిషికీ దూరం. అందరూ కలిసి పద్యం చదవకూడదు. మాస్కు వెనకనుంచి పకారమేదో బకారమేదో తెలియదు. సరే, మళ్ళీ బండలే దిక్కు! దూరం దూరంగా నిలబడాలన్న నియమానికి తొక్కుడుబిళ్ళ ఛందస్సు అచ్చంగా సరిపోయింది. ఎవరి బండల మీద వాళ్ళు, నోరు విప్పకుండా, ఆటవెలది గెంతారు.

హాజరు పిలుస్తుంటే తొమ్మిదో తరగతిలో ఒక పేరు దగ్గర జవాబు రాలేదు. వారమైనా రాలేదు. ఇంటిపేరు చూసి గుండె ఆగినంత పనైంది. 2012నాటి ఆ అమ్మాయి చెల్లెలు. ఈసారి రేపనలేదు, ఆదివారమనలేదు. బడి వదలగానే వెళ్ళాను.

అక్క అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చి, కాళ్ళకంటిన తెల్ల బురద కడుక్కుంటోంది. నన్ను చూసి కొంగుతో చేయి తుడుచుకుని మంచం వాల్చింది. తల్లికి నడుము పట్టేసి పని మానిందట. చెల్లెల్ని కూడా బండలు తుడిచే పనికి పంపుదామని నాయన అంటున్నాడట. నేను ఏం మాట్లాడాలో దారంతా తయారుచేసుకుని వచ్చాను గాని, ఒక్క మాట రాలేదు. ఆ అమ్మాయే అంది:

"దాన్ని నేను పంపిస్తా మేడం. మీరు రాకపోయినా సోమవారం పంపిస్తామనే అనుకుంటి. రాత్రి మీరు పంపే పద్యాలు వచ్చేది నా ఫోనుకే. అది నిద్రపోయినా నేను వింటాను. పగలంతా మిషను కాడ చెవులు దిబ్బడేసి వుంటాయి. ఎనిమిది గంటలకు మీ గొంతు విన్నాకనే చెవులు తెరుచుకుంటాయి."

కాసేపాగి, నవ్వుతూ, "మీరప్పుడు కరెంటు పోతేనే చదివేవారు" అంది.

నేను ఏడవలేదని చెప్పను. "నువ్వు చదువు మానేసినప్పుడు నేను రాలేదమ్మా" అన్నాను. "అవును మేడం, రాలేదు" అంది. పరవాలేదని అనలేదు. అనకపోవడమే మంచిదైంది. టీ పెట్టింది, తాగాను.

చెల్లెలు సోమవారం వచ్చింది. 2022లో పదో తరగతి రాసింది. పదకొండు పేపర్లు ఏడుకు తగ్గినా, రెండేళ్ళ తరవాత జరిగిన ఆ పరీక్షల్లో రాష్ట్రం మొత్తమ్మీద 67.26 శాతమే ప్యాసయ్యారు. 2019లో అది 94.88. పోయిన చదువు ఎంతో ఆ రెండంకెలు చూస్తే తెలుస్తుంది. మా పిల్ల తెలుగులో ప్యాసై లెక్కల్లో పోయింది. లెక్కల సారు పగ తీర్చుకున్నారని ఇంట్లో నవ్వుకున్నాం గాని, ఆయనే సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పి సప్లిమెంటరీలో గట్టెక్కించారు. ఇప్పుడు ఆ పిల్ల ఇంటర్ ముగించి నర్సు ట్రెయినింగులో వుంది. అక్క ఇంకా ఆ ఫ్యాక్టరీలోనే చేస్తోంది. ఓపెన్ ఇంటర్ కట్టమని పోరుతున్నాను. "చూద్దాం మేడం" అంటోంది. ఆ చూద్దాంలో ఎన్ని అడ్డంకులున్నాయో నాకు తెలుసు కాబట్టి నెలకోసారి అడుగుతూనే వున్నాను.

నేను రిటైరయ్యాను. బళ్ళోకి గోడకు తగిలించే పెద్ద తెరలు వచ్చాయి. వేలు పెడితే గజేంద్రుడు కదులుతాడు. మంచిదే. కొత్తగా వచ్చిన టీచరు వాటిని చూపిస్తూ, "మీ కాలంలో ఇవుంటే ఎంత సులువయ్యేదో కదా మేడం!" అంది. అవునమ్మా అన్నాను. అడగకుండానే ఒక సలహా కూడా ఇచ్చాను, రిటైరైనవాళ్ళకు అదొక్కటే ఉద్యోగం కదా: "పాఠం ఎప్పుడు సులువైనా, అది ఎవరి ఇంట్లో కష్టమైందో ఒకసారి కనుక్కో." ఆ అమ్మాయి తలూపింది. తెర వంక చూస్తూ ఊపింది. పరవాలేదు, నేనూ ఆ వయసులో అంతే.

నిన్న రాత్రి మళ్ళీ కరెంటు పోయింది. ఊరంతా నిశ్శబ్దం. గొంతు సవరించుకున్నాను. రాత్రి పని చేసేవాళ్ళెవరైనా వున్నారేమో, వాళ్ళ కూలి ఆగిందేమోనన్న ఆలోచన ముందు వచ్చింది. పద్యం దాని వెనక వచ్చింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నారు మావారు చీకట్లోంచి.

"ఎవరితోనూ లేదు, వేమన" అన్నాను.